ఐఎస్ఐ ముద్ర నట్టు బిగించదు

పిల్లల మూడు చక్రాల సైకిల్‌ను మనం బొమ్మగానే చూస్తాం. ప్రభుత్వ నిబంధనలూ అలాగే చూస్తాయి. 2020 ఫిబ్రవరిలో జారీ అయిన బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది. మంచి పనే. కానీ ఆ ముద్ర చూసి తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండిపోవడమే నాకు నచ్చనిది.

ప్రయోగశాలలో పరీక్షకు నిలబడేది సరిగ్గా బిగించిన కొత్త సైకిల్. బరువు మోపి వాలు మీద నిలబెడతారు, ఒరిగిపోతుందేమో చూస్తారు. మన ఇంటికి అదే సైకిల్ చాలాసార్లు అట్టపెట్టెలో విడి భాగాలుగా వస్తుంది. బిగించేది దుకాణంలోని కుర్రాడో, ఆదివారం తీరిక దొరికిన నాన్నో. చివర్లో ఒక వాషర్ మిగిలిపోతే పక్కన పడేస్తాం.

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ రేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్‌నే తీసుకోండి. ఇరుకు సందులు, ఆనుకుని కట్టిన ఇళ్లు. పిల్లలకు సందే మైదానం, కాదంటే మేడ మీది డాబా. ఊరంతా చదునే కదా, వాలు ఎక్కడిదంటారా? గేటు ముందు మోటార్‌సైకిల్ ఎక్కించడానికి పోసిన సిమెంటు ర్యాంప్ చాలు. అర మీటరు ఎత్తు నుంచి జారితే, రాపిడిని లెక్కలోకి తీసుకోకపోతే, కింద వేగం గంటకు సుమారు 11 కిలోమీటర్లు. ముందు చక్రం వ్యాసం 25 సెంటీమీటర్లయితే అది సెకనుకు నాలుగు చుట్లు తిరుగుతుంది. పెడళ్లు ఆ చక్రానికే బిగించి ఉంటాయి కాబట్టి అవీ అంతే జోరుగా తిరుగుతాయి. నాలుగేళ్ల పిల్ల కాళ్లు ఆ జోరు అందుకోలేక పైకి లేస్తాయి. ఇలాంటి బండికి విడిగా బ్రేక్ ఉండదు. పెడల్‌ను పాదంతో ఆపడమే బ్రేక్. పాదం జారితే అదీ లేనట్టే.

నడిపేది, తిప్పేది, ఆపేది మూడూ ఆ ఒక్క ముందు చక్రమే. అందుకే వెనక ఇరుసు మీద తమ్ముణ్ని నిలబెట్టుకుని తొక్కడం ప్రమాదం. బరువు వెనక్కి పోయి ముందు చక్రం తేలికైతే మూడు పనులూ ఒకేసారి చెడతాయి.

తొక్కే ముందు చూడాల్సింది రెండు నిమిషాల పని. ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగిందంటే బోల్టు వదులైనట్టు. వెనక చక్రాలను బయటికి లాగి చూడండి, ఇరుసు చివరి మూత ఊడి వస్తుందేమో. పెడల్‌ను అటూ ఇటూ ఊపండి. సీటు మీద మీ అరచేతులతో గట్టిగా నొక్కండి. డాబా మీద ఎండలో పడి ఉన్న ప్లాస్టిక్ పైకి బాగానే కనిపిస్తుంది. అతినీలలోహిత కిరణాలకు లోపలి అణుగొలుసులు తెగి పెళుసెక్కుతుంది. రంగు వెలిసి, గోటితో గీస్తే సుద్దలాంటి పొడి రాలితే ఆ సీటును నమ్మవద్దు. వానాకాలం సందులో నీళ్లు నిలిచే చోట అయితే వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు చూడాలి. బోలు గొట్టం లోపలి నుంచీ తుప్పు పడుతుంది, పైన రంగు దాన్ని దాచేస్తుంది.

ఇదంతా అమ్మానాన్నల నెత్తినే వేయడం న్యాయం కాదు. వంటగ్యాస్ సిలిండర్ మీద మళ్లీ ఎప్పుడు పరీక్షించాలో రాసి ఉంటుంది. పిల్లల సైకిల్‌తో మహా అయితే ఒక కాగితం వస్తుంది, అది అట్టపెట్టెతో పాటే పాత కాగితాల వాడికి పోతుంది. సైకిల్ మాత్రం అక్క నుంచి తమ్ముడికి, అక్కడి నుంచి పక్కింటికి పోతూనే ఉంటుంది. ఏ బోల్టులు బిగించాలో బొమ్మలతో చూపే చెరగని పట్టీని సీటు కింద అతికించమని తయారీదారులను నిబంధనల్లోనే అడగాలి. బొమ్మలైతే బెంగాలీ, ఉర్దూ, తెలుగు అన్న పేచీ కూడా ఉండదు.