కట్టెల ధరకు దూలం అమ్మొద్దు!

ఎర్రగుంట్లలో రాయికి కరువు లేదు. నాపరాతి గనులు, పాలిష్ యంత్రాలు, సిమెంటు ఫ్యాక్టరీలు... ఎటు చూసినా రాయే. ఇంటి ముందు అరుగు బండ, వంటింటి గట్టు బండ, పెరటి గోడా బండే. ఇంట్లోకి ఓ చిన్న బల్ల చేయించుకుందామంటే మాత్రం మంచి కర్ర కోసం ప్రొద్దుటూరో, కడపో వెళ్లాలి. అక్కడ టేకు అని చెప్పి ఇచ్చిన చెక్క రెండు వేసవులు తిరగ్గానే వంకర పోతుంది. తలుపుకు గొళ్లెం పడదు, సొరుగు బయటికి రాదు. తీరా ఆరా తీస్తే, అదే ఇంటివాళ్లు పాత మిద్దె పడగొట్టినప్పుడు దూలాలన్నీ కట్టెల కింద అమ్మేసి ఉంటారు!

నెత్తిమీదే నిధి

గోడల మీద దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, ఆపైన బండలో కట్టెలో పరిచి చవుడు మట్టి కప్పడం... రాయలసీమ మిద్దెల పద్ధతి ఇది. స్థోమత ఉన్నవాళ్లు టేకు వేయించేవారు. మిగిలినవాళ్లు చుట్టుపక్కల దొరికే వేప, నల్లతుమ్మ వాడుకునేవారు. ఇప్పుడు ఆ మిద్దెల స్థానంలో స్లాబు ఇళ్లు లేస్తున్నాయి. కూల్చిన ఇంటి నుంచి ఇనుము, బండలు జాగ్రత్తగా తీస్తారు. నల్లగా మసి పట్టిన కర్రను మాత్రం ఎవరూ పట్టించుకోరు.

అసలు విలువ ఆ కర్ర వయసులో ఉంది. కొత్తగా నరికిన చెట్టులో నీరు ఉంటుంది. అది ఆరేకొద్దీ కర్ర అడ్డంగా కుంచించుకుపోతుంది. పొడవు మాత్రం దాదాపు మారదు. పలకలు వంగడానికీ, బీటలివ్వడానికీ ముఖ్య కారణం ఇదే. యాభై ఏళ్లు కప్పు కింద ఉన్న దూలంలో ఈ తంతు ఎప్పుడో ముగిసిపోయింది. కడప ఎండలు అన్నేళ్లు చూసిన కర్రకు కొత్తగా నేర్పాల్సిందేమీ ఉండదు.

డబ్బుతో లెక్క కట్టలేనిది ఇంకొకటి ఉంది. గండికోట జలాశయంలో నీటి నిల్వ పెంచినప్పుడు, 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఊరు మారితే గోడలు వెంట రావు. విప్పి తీసుకెళ్లగలిగేవి వాకిళ్లు, దూలాలే. ‘ఇది మా జేజినాయన వేయించిన వాకిలి’ అని పిల్లలకు చూపించడానికి ఆ తర్వాత మిగిలేది ఆ కర్ర ఒక్కటే.

చేవ ఉందో లేదో...

చెట్టు మధ్యలో ముదిరి, రంగు తిరిగిన భాగాన్ని చేవ అంటారు. బెరడు వైపు తెల్లగా ఉండేది లేత కర్ర. అందులో పిండి పదార్థం ఎక్కువ కాబట్టి పురుగుకు అదే ఇష్టం. పాత దూలాన్ని ఉంచుకోవాలన్నా, ఇంకొకరి దగ్గర కొనాలన్నా ముందు ఈ పరీక్షలు చేయండి.

* చివరలు చూడండి. గోడలో కూరుకుపోయిన కొసలకే తేమ, చెద ముందుగా తగులుతాయి. రెండు వైపులా అడుగు చొప్పున వదిలేసి లెక్క కట్టండి.

* సుత్తితో పొడవునా తట్టండి. ఖంగుమంటే గట్టిది. డొల్ల శబ్దం వస్తే లోపల తినేసినట్టే.

* చాకు మొనతో గుచ్చండి. సులువుగా దిగిందంటే ఆ చోటు పుచ్చిపోయింది.

* సన్నటి రంధ్రాల నుంచి పిండిలాంటి పొడి తాజాగా రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది. అలాంటి కర్ర ఇంట్లోకి తేవద్దు.

* మేకుల కోసం అయస్కాంతం తిప్పండి. దాగి ఉన్న ఒక్క మేకు చాలు, రంపం పళ్లు పోవడానికి. కోత మిల్లువాళ్లు పాత కర్ర అనగానే వెనకాడేది ఇందుకే.

* టేకు అంటున్నారా? ఓ మూల చిత్రిక పట్టించండి. తోలు లాంటి వాసన, చేతికి కాస్త జిడ్డు తగలాలి. పైరంగు చూసి మోసపోవద్దు.

పాత మిద్దెలో ఎర్రచందనం బయటపడితే మాత్రం తొందరపడకండి. అటవీ శాఖ వాళ్లను అడిగాకే దాన్ని కదిలించండి. చవగ్గా ఎర్రచందనం చెక్క ఇప్పిస్తామని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపేయండి. కొన్నవాళ్లకూ కేసు తప్పదు.

కొత్తది కొనక తప్పకపోతే...

ఒకప్పుడు బర్మా టేకు అంటే తిరుగులేని పేరు. దుంగల ఎగుమతిని ఆ దేశం 2014లో నిషేధించింది. ఇప్పుడు డిపోల్లో ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల టేకు కూడా కనిపిస్తుంది. ఏ దేశానిదన్నది అంత ముఖ్యం కాదు, చేవ ఎంతన్నదే ముఖ్యం. తోటల్లో పెంచి తొందరగా నరికిన చెట్టులో లేత కర్ర పాలు ఎక్కువ. దుంగ కొసను తడి గుడ్డతో తుడిచి చూస్తే రెండు రంగులూ స్పష్టంగా తెలుస్తాయి.

లెక్క కూడా మీరే వేసుకోవచ్చు. పొడవు అడుగుల్లో, వెడల్పూ మందమూ అంగుళాల్లో తీసుకుని, మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. డిపో భాషలో సీఎఫ్‌టీ. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు వాకిలికి కింద గడపతో కలిపి 21 అడుగుల కర్ర కావాలి. అది 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం అయితే సుమారు 2.2 ఘనపుటడుగులు. ఇది తెలిస్తే బిల్లు చూసి తెల్లమొహం వేయాల్సిన పని లేదు.

తెచ్చిన కర్రను వెంటనే కోయించొద్దు. నీడలో, నేలకు ఎత్తుగా, పలకల మధ్య సన్నటి పుల్లలు పెట్టి పేర్చండి. కొసలకు రంగు పూస్తే అక్కడి నుంచి తొందరగా ఆరి పగలకుండా ఉంటుంది. వారానికోసారి ఒకే పలకను తూకం వేయండి. బరువు తగ్గడం ఆగిందంటే కర్ర ఆరినట్టు. వేప, తుమ్మ దుంగలను నెలల తరబడి నీళ్లలో నానేసి, తర్వాత ఆరబెట్టడం పాత పద్ధతి. అలా నానితే పురుగుకు తిండి అయిన పిండి పదార్థం తగ్గుతుంది.

మొదటి పనిగా బండ బల్ల

పిల్లలు చదువుకోవడానికి నాపరాతి బల్ల చేసి చూడండి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న పాలిష్ బండ చాలు. అంచులు గుండ్రంగా తీయించండి. బరువు 50 కిలోల దాకా ఉంటుంది కాబట్టి కింద చట్రం గట్టిగా ఉండాలి.

కొసలు కోసేశాక 6 అంగుళాల చదరపు దూలం ఆరడుగులు మిగిలితే సరిపోతుంది. అందులో రెండున్నర అడుగుల ముక్కను నిలువునా నాలుగు చేస్తే నాలుగు కాళ్లు. మిగిలిన మూడున్నర అడుగుల ముక్కలోంచి చుట్టూ పట్టీలు, మధ్యలో ఓ అడ్డకర్ర వస్తాయి. అడ్డకర్ర మరిచిపోవద్దు. రాయి నొక్కుడుకు ఆగుతుంది కానీ వంపుకు ఆగదు. మధ్యలో ఆసరా లేకపోతే విరగొచ్చు.

కోత మిల్లులో చేయించండి. కాళ్లకు తొలిచి పట్టీలు దిగేసే పని అనుభవం ఉన్న ఆచారి చేతిలో పెట్టండి. చిత్రిక, ఉప్పుకాగితం పని ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు. పాత రంగు ఉంటే అందులో సీసం ఉండొచ్చు. ముక్కుకు మాస్కు కట్టుకుని, పిల్లలను దూరంగా ఉంచి గీకండి. చివర్లో అవిసె నూనె రెండు మూడు పూతలు వేస్తే కర్ర అసలు రంగు పైకి తేలుతుంది. నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయొద్దు. దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరేయండి.

బండను చట్రానికి అతికించక్కర్లేదు. మధ్యలో రబ్బరు ముక్కలు పెట్టి కూర్చోబెడితే చాలు. నాపరాయి సున్నపురాయే కాబట్టి నిమ్మరసం, చింతపులుసు పడితే మెరుపు పోయి మరకవుతుంది. వెంటనే తుడిచేయాలి.

దూలం ఇంట్లోదే అయితే బండ ఖర్చు, కోత కూలి, ఆచారి కూలి, కాస్త నూనె తప్ప పెద్ద ఖర్చేమీ ఉండదు. కాబట్టి పాత ఇల్లు విప్పే రోజున కట్టెల బండి కంటే ముందు ఆచారికి కబురు పెట్టండి.