కుళ్లు కాయలో, నింద ఆడపిల్ల మీద

వేసవిలో గది మూల వరిగడ్డి పరిచి, బంగినపల్లి కాయలు సర్ది, పైన మళ్లీ గడ్డి కప్పి మగ్గబెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. దాంతోపాటే చాలా ఇళ్లలో ఇంకో కట్టడి ఉంది. బయట చేరిన ఆడవాళ్లు ఆ కాయల్ని ముట్టుకోకూడదు, ముట్టుకుంటే కుళ్లిపోతాయి అంటారు. ఆవకాయ జాడీ మీద పెట్టిన ఆంక్షే పండ్ల మీదా పెట్టారు.

మొదటి అలవాటు వెనక అనుభవం ఉంది. పండే కాయ ఇథిలీన్ అనే వాయువును వదులుతుంది. అది పక్క కాయల్నీ పండిస్తుంది. పండు తానే ఈ వాయువును తయారు చేస్తుందని 1934లో ఇంగ్లండులో గేన్ అనే శాస్త్రవేత్త ఆపిల్ పండ్లతో రుజువు చేశాడు. గడ్డి ఆ వాయువును చెదిరిపోనివ్వదు, వెచ్చగా ఉంచుతుంది, కాయకు దెబ్బ తగలనివ్వదు. పేరు తెలియకుండానే మన పెద్దలు దాన్ని వాడుకున్నారు.

మరి రెండోదాని వెనక ఏముంది? కుళ్లిన కాయను చేతిలోకి తీసుకుని చూడండి. తొక్క మీద చిన్న నల్లమచ్చలు, ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతూ ఉంటాయి. వేలితో నొక్కితే గుంట పడుతుంది. చాలావరకు ఇది పక్షికన్ను తెగులే. ఆ శిలీంధ్రం కాయ చెట్టు మీద ఉండగానే, పిందె దశలోనే తొక్కలోకి చేరి అణిగి ఉంటుంది. కాయ పండి మెత్తబడ్డాక బయటపడుతుంది. ఇంట్లో ఎవరి చెయ్యీ తగలకముందే కుళ్లు కాయలో ఉందన్నమాట.

ఈ నమ్మకం మన ఒక్కళ్లదే కాదు. ముట్టు తగిలితే పంటలు ఎండిపోతాయని, చెట్ల కాయలు రాలిపోతాయని రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే రాశాడు. 1920లో వియన్నాలో బేలా షిక్ అనే పేరుమోసిన వైద్యుడు, ముట్టులో ఉన్న పనిమనిషి పట్టుకున్న పూలు వాడిపోయాయని, ఆమె ఒంట్లో విషం ఉందని చెప్పి దానికి ‘మెనోటాక్సిన్’ అని పేరు కూడా పెట్టాడు. అలాంటి విషం ఉందని ఇప్పటికీ రుజువు కాలేదు. చదువుకున్నవాడు చెప్పినంత మాత్రాన నమ్మకం నిజమైపోదు.

కాయలు బాగా పండిన ఏడు ఎవరు ముట్టుకున్నారని ఎవరూ అడగరు. పాడైన ఏడే పంచాయితీ మొదలవుతుంది. ముట్టు పాతిక ముప్పై రోజులకోసారి వచ్చేది కాబట్టి, ముగ్గురు ఆడవాళ్లున్న ఇంట్లో కాయలు మగ్గే ఆ వారం పది రోజుల్లో ఎవరో ఒకరు దొరక్కపోరు. అసలు తోటలో, మార్కెట్లో ఆ కాయల్ని ఏరి పెట్టెలకెత్తే ఆడకూలీల్ని ఈ మాట అడిగేవారున్నారా? కొన్న పండుకు లేని మైల ఇంట్లో గడ్డిలో మగ్గే పండుకు ఎలా వస్తుంది? పదమూడేళ్ల పిల్లను గుమ్మం దగ్గరే ఆపి, నీ చెయ్యి తగిలితే తిండి కుళ్లుతుందని చెప్పడం క్రూరత్వం.

పండ్లు నిలవాలంటే చేయాల్సినవి వేరే ఉన్నాయి. దెబ్బ తగిలినవి, సొన కారినవి ముందే పక్కన పెట్టాలి. తడి ఉంటే తుడవాలి. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడి సరిగా పండదు, పండాక పెట్టుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, రోజూ గడ్డి తీసి చూసి మెత్తబడిన కాయను వెంటనే ఏరేయడం. ఆ పని ఇంట్లో ఎవరికి తీరికైతే వాళ్లు, ఏ రోజైనా చేయొచ్చు.