వెనక బీరువా తాళం

మా శాఖా గ్రంథాలయంలో పాఠకుల సూచనల రిజిస్టరు ఒకటుంది. అట్ట ఊడిపోతే దారం కట్టి మేకుకి వేలాడదీశారు. నాలుగేళ్లలో అందులో తొమ్మిదిసార్లు రాశాను, కొత్త దయ్యాల నవలలు తెప్పించమని. ఎదురు గడిలో జవాబు ఒక్కసారే వచ్చింది: క్షుద్ర సాహిత్యం కొనుగోలుకు తగదు.

ఆ మాట చూస్తేనే నాకు కడుపు మండుతుంది. తెలుగులో ఈ కథలకి స్థిరపడిన పేరే అది. క్షుద్రమంటే చేతబడి, క్షుద్రమంటే నీచం కూడా. పుస్తకం తెరవకముందే తీర్పు పేరులోనే చెప్పేశారు. ప్రేమకథలకో, కుటుంబ నవలలకో ఇలాంటి పేరు పెట్టి ఉంటే వాటి పాఠకులు ఊరుకునేవారా? మేం ఊరుకున్నాం. దొంగచాటుగా చదవడం అలవాటై ఊరుకున్నాం.

మా తరానికి ఈ పుస్తకాలు ఇచ్చింది గ్రంథాలయం కాదు, అద్దె పుస్తకాల షాపు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ కోసం మా వీధి షాపులో వంతులు వేసుకునేవాళ్లం. నా చేతికొచ్చిన ప్రతికి మొదటి ఎనిమిది పేజీలు లేవు. ఆ ఎనిమిది పేజీల కథ షాపు నడిపే ఆయన నోటితో చెప్పి పుస్తకం ఇచ్చాడు. పాఠకుడికి పుస్తకాన్ని పరిచయం చేయడమంటే ఏమిటో నేను మొదట చూసింది ఆయన దగ్గరే. తర్వాత టీవీలొచ్చాయి, షాపులు మూతపడ్డాయి, పుస్తకాలు తూకానికి పోయాయి. సాంఘిక నవలలు గ్రంథాలయాల పుణ్యాన బతికాయి. భయం కథలకి ఆ నీడా దొరకలేదు. మా గ్రంథాలయంలో మిగిలిన నాలుగైదూ వెనక బీరువాలో తాళం కింద ఉన్నాయి. ఇవాళ ఆ రకం రాసే కుర్రాళ్లు ఫోన్ యాప్‌లలో సీరియల్‌గా రాసుకుంటున్నారు. ‘మసూద’ సినిమాని 2022లో, ‘విరూపాక్ష’ సినిమాని 2023లో ఆదరించిన జనమే కదా మన చుట్టూ ఉన్నది! వాళ్లు చదవరని ఎవరు తేల్చారు?

ఇవి చదివితే మూఢనమ్మకాలు పెరుగుతాయంటారు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ‘తులసిదళం’ మీద రంగనాయకమ్మ గారు ఎంత ఘాటుగా విరుచుకుపడ్డారో నాకు తెలుసు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. భయాన్ని మంత్రగాడి చేతికి అప్పగించే నవల మీద కోపం రావడం న్యాయమే. కానీ ఆ కోపంతో ఈ తరహా మొత్తానికీ తలుపు వేసేస్తే, ఇప్పుడొస్తున్న పుస్తకాలేం చేస్తున్నాయో చూసేదెవరు?

అమెరికా నల్లజాతి రచయిత్రి టానానరివ్ డ్యూ 2023లో ‘ద రిఫార్మేటరీ’ అనే నవల వెలువరించింది. కథాకాలం 1950, చోటు ఫ్లోరిడా. పన్నెండేళ్ల రాబర్ట్, తన అక్క మీద చేయి వేయబోయిన తెల్ల కుర్రాణ్ని కాలితో తన్నాడు. శిక్ష ఆరు నెలలు బాలనేరస్థుల బడిలో. అక్కడ చచ్చిపోయిన పిల్లలు వాడికి కనిపిస్తారు. చేసిన పాపం బయటపడుతుందని ఆ బడి అధికారికి ఆ దయ్యాలంటే భయం. వాటిని పట్టించడానికి రాబర్ట్‌నే వాడుకుంటాడు. చదువుతుంటే మన ఒళ్లు జలదరించేది దయ్యాలు వచ్చినప్పుడు కాదు, బెల్టు పట్టుకున్న మనిషి గదిలోకి వచ్చినప్పుడు.

ఆ బడి వట్టి కల్పన కాదు. దానికి మూలమైన డోజియర్ బాలుర పాఠశాలని ఫ్లోరిడాలోని మారియానా ఊళ్లో 1900లో తెరిచారు, 2011లో మూశారు. అక్కడి శ్మశానంలో 31 శిలువలుండేవి. ఒక విశ్వవిద్యాలయం వాళ్లు తవ్వితే 55 సమాధులు బయటపడ్డాయి. వరసకి రచయిత్రికి తాత అయ్యే రాబర్ట్ స్టీఫెన్స్ అనే పిల్లవాడు 1937లో పదిహేనేళ్లకే అక్కడ చనిపోయాడు. తన నవలలో పిల్లవాడికి ఆ పేరే పెట్టింది. రికార్డుల్లోకి ఎక్కని పిల్లలు మాట్లాడాలంటే దయ్యాలుగా కాక ఇంకెలా వస్తారు? దీన్నా నీచమనేది?

ఇదొక్కటే కాదు. సిల్వియా మొరేనో-గార్సియా ‘మెక్సికన్ గోథిక్’లో వెండి గనుల మీద బతికిన ఇంగ్లీషు కుటుంబం ఇల్లు, దాని గోడలకి పట్టిన బూజు, ఊపిరి ఆడనివ్వవు. బ్లాక్‌ఫీట్ తెగకి చెందిన స్టీఫెన్ గ్రాహమ్ జోన్స్ ‘ద ఓన్లీ గుడ్ ఇండియన్స్’ రాశాడు. తెగ పెద్దల కోసం కేటాయించిన అడవిలో నలుగురు స్నేహితులు కడుపుతో ఉన్న ఎల్క్‌ని వేటాడతారు, పదేళ్లకి అది వెతుక్కుంటూ వస్తుంది. రెండూ 2020లో వచ్చినవే. ఇలాంటి పుస్తకాలని పాఠకులకి చూపించడానికి అమెరికాలో భయానక రచయితల సంఘం, గ్రంథాలయ సంస్థలు కలిసి 2019 నుంచి ఏటా వేసవికి ఒక జాబితా తయారు చేస్తున్నాయి, పిల్లల వయసుకి తగినవీ అందులో ఉంటాయి.

మనకి ఈ తరహా పరాయిదా అంటే, మన శాతవాహనుల కాలం కథే చెబుతాను. గుణాఢ్యుడు ఏడు లక్షల శ్లోకాల బృహత్కథని పైశాచీ భాషలో రాశాడట, సిరా దొరక్క తన నెత్తురుతో. పిశాచాల భాష, నెత్తురు రాత అని రాజు ఈసడించాడు. గుణాఢ్యుడు అడవిలో నిప్పు రాజేసి, ఒక్కో ఆకూ జంతువులకి చదివి వినిపిస్తూ మంటలో వేశాడు. రాజుకి బుద్ధొచ్చి వచ్చేసరికి మిగిలింది లక్ష. ఆ మిగిలిన దాని వెలుగులోనే కథాసరిత్సాగరం, అందులో బేతాళుడి కథలు. చందమామ పిల్లలకి నెలనెలా చెప్పిన బేతాళుడి వెనక ఉన్నది ఆ బేతాళుడే. శవం భుజాన వేసుకుని నడిచే రాజు కథ పిల్లలకి తగినప్పుడు, పెద్దలకి దయ్యం నవల తగకపోవడమేమిటి?

లైబ్రేరియన్ గారూ, మీ బడ్జెట్ సంగతి నాకు తెలుసు. పోటీ పరీక్షల పుస్తకాలు అడిగే పిల్లలు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు, వాళ్ల కోసం కొనాల్సిందే. కానీ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కట్టేవాళ్లలో మేమూ ఉన్నాం. ఏడాదికి పది పుస్తకాలు కొనండి. ‘క్షుద్ర’ అనే చీటీ తీసేసి ‘భయం కథలు’ అని రాసి నవలల వరసలోనే పెట్టండి. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలైనప్పుడు ఒక బల్ల వాటికివ్వండి. యాప్‌లలో రాసే మన కుర్రాళ్లలో ఒకరిని పిలిచి ఒక సాయంత్రం చదివించండి. పాఠకులారా, మీరూ రిజిస్టరులో రాయండి. నా ఒక్కడి చేతిరాతే తొమ్మిదిసార్లు కనిపిస్తే అది ఒక ముసలాయన పిచ్చి అనుకుంటారు. తొమ్మిది చేతిరాతలు కావాలి.

నా ‘ద రిఫార్మేటరీ’ ప్రతిని పోయిన నెల విరాళంగా ఇచ్చాను. నిన్న వెళ్లి చూశాను. ఇంకా నంబరు వేయలేదు, వెనక బీరువాలో పెట్టారు. తాళం చెవి అటెండరు దగ్గరుందన్నారు. రేపు మళ్లీ వెళ్తాను.