సీటు వచ్చింది సరే, చదువు అందుతున్నదా?

ఏటా ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ముగియగానే మన సమాజంలో ఒక లెక్క మొదలవుతుంది. బీసీ-ఇ కోటాలో ఎన్ని సీట్లు వచ్చాయి, మైనారిటీ కళాశాలల్లో ఎన్ని నిండాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు విడుదలవుతుంది అన్నవే అందులోని పద్దులు. ఈ లెక్క అవసరమైనదే. దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ఒక్కరే ముస్లిం అని 2006లో సచార్ కమిటీ చెప్పిన తరువాత సీట్లు లెక్కించకుండా ఎవరు ఉండగలరు? అయితే సీటు దక్కిన బిడ్డ తరగతి గదిలోకి వెళ్లాక ఏమవుతున్నాడన్న ప్రశ్న మన సభల్లో అరుదుగా వినిపిస్తుంది. యాకుత్‌పురా నుంచో, షాలీబండ నుంచో వెళ్లిన పిల్లవాడు మొదటి సంవత్సరమే మూడు నాలుగు సబ్జెక్టుల్లో తప్పితే, వాడికి తెలివి చాలలేదని ఇంటివారూ, పునాది లేదని అధ్యాపకులూ తేల్చేస్తారు. ఈ తీర్పును మేము అంగీకరించలేము.

ఇంజనీరింగ్‌ను మనుషులు ఎలా నేర్చుకుంటారన్నది నేడు స్వయంగా ఒక పరిశోధనా శాస్త్రం. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 2004లోనే దీనికి ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది. విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగ్, గణితం బోధించే తరగతులపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి పరిశీలించిన పరిశోధకులు 2014లో ఒక ముఖ్యమైన ఫలితాన్ని ప్రకటించారు. తరగతిలోనే లెక్కలు చేస్తూ, తోటివారితో చర్చిస్తూ నేర్చుకున్న వారికంటే, ఉపన్యాసం మాత్రమే వింటూ కూర్చున్న విద్యార్థులు తప్పే అవకాశం ఒకటిన్నర రెట్లు ఎక్కువ. 2020లో వెలువడిన మరో విశ్లేషణ మనకు ఇంకా దగ్గరిది. బోధన పద్ధతి మారినప్పుడు, వెనుకబడిన వర్గాల విద్యార్థులకూ మిగిలిన వారికీ మధ్య మార్కుల అంతరం 33 శాతం, ఉత్తీర్ణతలో అంతరం 45 శాతం తగ్గాయని అది తేల్చింది. పిల్లలు మారలేదు, బోధన మారింది. తప్పినవారిలో కొందరిని తప్పించింది పద్ధతే అని దీని అర్థం.

పాతబస్తీకి ఈ పాఠాన్ని అన్వయించి చూడండి. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. లక్క ఏ వేడికి మెత్తబడుతుందో, ఏ క్షణంలో రాళ్లు అద్దాలో, ఎప్పుడు చల్లారనివ్వాలో ఆ ఇళ్లలోని పిల్లలకు చేతులతోనే తెలుసు. అదే ధర్మాన్ని పదార్థ శాస్త్రం పేరిట నల్లబల్లపై రాసినప్పుడు, ఇది నా ఇంటి విద్యే అని వారికి చెప్పేవారు ఉండరు. మెకానిక్ దుకాణంలో ఉస్తాద్ దగ్గర షాగిర్ద్ చూసి నేర్చుకుంటాడు, చేసి నేర్చుకుంటాడు, తప్పుచేసి దిద్దుకుంటాడు. కళాశాలలో అదే పిల్లవాడు నోట్సు రాసుకొని బట్టీ పడతాడు. శ్రామిక కుటుంబాల్లోని ఇటువంటి విద్యను 'జ్ఞాన నిధులు' అని పిలుస్తూ 1992 నుంచీ అమెరికాలో పరిశోధనలు సాగుతున్నాయి. లాటినో కుటుంబాల పిల్లల ఇంటి పనుల్లో, మరమ్మతుల్లో ఇంజనీరింగ్ ఆలోచన ఎంత ఉందో అవి చూపాయి. కార్ఖానాను గౌరవించమంటే పిల్లలను కార్ఖానాలోనే ఉంచమని కాదు. అక్కడ నేర్చినదాన్ని మెట్టుగా చేసి పైకి తీసుకుపొమ్మని మా కోరిక.

రెండవ అడ్డంకి భాష. ఇంట్లో ఉర్దూ, వీధిలో ఉర్దూ, తెలుగు, తరగతిలో ఒక్కసారిగా ఇంగ్లీషు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలోనే పుట్టింది, 1929లో ఇంజనీరింగ్ కళాశాల తెరిచింది. శాస్త్ర గ్రంథాలను, పరిభాషను సమకూర్చడానికి దారుల్ తర్జుమా పనిచేసింది. 1948 తరువాత ఆ మార్గం మూసుకుపోయింది. 2021లో 8 రాష్ట్రాల్లోని 14 కళాశాలలు 5 భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధించడానికి ముందుకు వచ్చినప్పుడు తెలుగు అందులో ఉంది, ఉర్దూ లేదు. పాత రోజులకు తిరిగి వెళ్దామని మేము అనడం లేదు. ఉద్యోగాల భాష ఇంగ్లీషే. కానీ మొదటి సంవత్సరంలో భావన తెలిసిన భాషలో అర్థమై, తరువాత ఇంగ్లీషు పదం అలవడితే నష్టమేమిటి? గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్ ఉర్దూలో డిప్లొమా చదువు నడుపుతున్నది. ఆ అనుభవాన్ని అధ్యయనం చేయడానికి మనం ఎక్కడికో పోనక్కరలేదు.

ఆడపిల్లల సంగతి వేరుగా చూడవలసి ఉంది. ఇంజనీరింగ్‌లో సగం చదువు తరగతి బయట, ప్రాజెక్టు బృందాల్లో, సాయంత్రాలు ప్రయోగశాలల్లో జరుగుతుంది. చీకటి పడకముందే బస్సు పట్టుకోవలసిన అమ్మాయికి ఆ సగం అందుతున్నదా? బృందంలో ఆమెకు పనిముట్టు ఇస్తున్నారా, లేక నివేదిక రాసే పని అప్పగిస్తున్నారా? ఇవి మార్కుల జాబితాలో కనిపించని ప్రశ్నలు.

రాజ్యాంగం 30వ అధికరణ మనకు విద్యాసంస్థలు స్థాపించుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కుతోనే 1980లో ముఫఖమ్ జా, 1984లో దక్కన్ ఇంజనీరింగ్ కళాశాలలు వెలిశాయి. ఇప్పుడు ఆ హక్కు రెండో మెట్టు ఎక్కాలి. ప్రతి మైనారిటీ ఇంజనీరింగ్ కళాశాల తన విద్యార్థులు ఏ మాధ్యమం నుంచి వచ్చారో, ఏ సబ్జెక్టులో ఆగిపోతున్నారో, ఎందరు మధ్యలో వెళ్లిపోతున్నారో పేర్లు లేకుండా ఏటా ప్రకటించాలి. వెళ్లిపోయినవారిని వెతికి కారణం అడగాలి. అధ్యాపకులకు బోధనా పద్ధతుల్లో శిక్షణ ఇవ్వాలి. మైనారిటీ సంక్షేమ శాఖ చెల్లించిన ఫీజును మాత్రమే కాక, పట్టా పుచ్చుకున్న వారినీ లెక్కించాలి.

నిజాంసాగర్ నిర్మాత నవాబ్ అలీ నవాజ్ జంగ్ జయంతి అయిన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ రోజు ఆయన చిత్రపటానికి పూలమాలలు వేస్తున్నాము. వచ్చే జూలై 11న పూలమాలతోపాటు ఈ లెక్కను కూడా సమాజం ముందు పెట్టవలసిందిగా మన కళాశాలల యాజమాన్యాలను కోరుతున్నాము.