జాడీ పగిలింది... టామీ వచ్చాడు!

ఊరగాయ జాడీ పగిలితే ఇంట్లో ఎంత గొడవవుతుందో వేరే చెప్పక్కర్లేదు. వెంకటగిరికోటలో మా అక్కావాళ్లింట్లో మాత్రం జాడీ పగిలిన రోజు మా మేనకోడలు ఎగిరి గంతేసింది. 'పారేయొద్దు, ఇది మన టామీ రంగు!' అంటూ ముక్కలన్నీ ఏరి గోనెసంచిలో దాచింది. పైభాగం తేనెరంగు, కింద మీగడరంగు. నిజమే, పన్నెండేళ్లు ఆ ఇంటి గుమ్మం కాసి, పోయిన వేసవిలో ముసలితనంతో కన్నుమూసిన టామీది అచ్చం ఆ రెండు రంగులే.

టామీ జాతికుక్కేం కాదు. సంతరోజు ఎవరి వెనకో వచ్చి ఉండిపోయిన ఊరకుక్క. కాబట్టి ఫొటోలూ పెద్దగా లేవు. ఉన్న ఒక్కటీ పెళ్లివారి గుంపులో ఓ మూల... అదీ మసకగా. దాన్ని చూసి బొమ్మ గీయమంటే చిత్రకారులు చేతులెత్తేశారు. మొజాయిక్‌కి మాత్రం ఆ మసకే మేలు! ఎందుకంటే అందులో వెంట్రుక వెంట్రుకా చూపించే పనిలేదు. వెలుగెక్కడ, నీడెక్కడ అన్నది తెలిస్తే చాలు.

మొజాయిక్ అనగానే పాత ఇళ్లలోని నున్నటి గచ్చు గుర్తొస్తుంది మనకు. అది సిమెంటులో చలువరాతి పలుకులు కలిపి అరగదీసేది. బొమ్మ మొజాయిక్ వేరు, ప్రతి ముక్కనీ ఎంచి అతకాలి. కుక్కల్ని ఇలా అతకడం నిన్నామొన్నటిది కాదండోయ్. క్రీ.శ.79లో అగ్నిపర్వతం బూడిద కింద కప్పడిపోయిన పాంపేలో ఓ ఇంటి వాకిట్లో గొలుసు కట్టిన నల్లకుక్క ఉంది. పక్కనే లాటిన్‌లో 'కుక్క ఉంది జాగ్రత్త' అని! ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో కొత్త గ్రంథాలయం కోసం తవ్వుతుంటే 1993లో మరో కుక్క బయటపడింది. రెండు వేల ఏళ్లకు పైబడిన మొజాయిక్ అది. పక్కన ఒరిగిపోయిన పాత్ర, ఏమీ ఎరగనట్టు కూర్చున్న కుక్క... పాలగిన్నె దొర్లించిన టామీ మొహం అదే!

ఇదంతా చెబుతుంటే అవ్వ (మా అక్క అత్తగారు) ఒప్పుకోలేదు. 'పోయినదాని బొమ్మ గోడకెందుకు? దినామూ చూసి ఏడ్చేదానికా?' అంది. కోలారు దాటి పోతే, కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరులో పదో శతాబ్దంలోనే కాళి అనే వేటకుక్కకి శిల వేయించారని చెప్పాను. గంగరాజు బూతుగుడు కానుకగా ఇచ్చిన ఆ కుక్క అడవిపందితో పోరాడి చనిపోయిందని ఆ శాసనంలోనే ఉంది. మన కృష్ణా జిల్లాలోనూ 2021లో ఒకాయన తన కుక్కకి కంచు విగ్రహం పెట్టించారు. అవ్వ విన్నది కానీ ఏమీ అనలేదు.

ఇక పని. ఫొటోలో మొహాన్ని పెద్దది చేయించి, అడుగున్నర చదరానికి జిరాక్స్ తీయించాం. ఇంకా చిన్నదైతే కళ్లు కుదరవు. కార్బన్ పేపరుతో గీతల్ని సిమెంటు బోర్డు మీదికి దించాం. బయట గోడకి ప్లైవుడ్ వద్దు, వానకి ఉబ్బిపోతుంది. తెల్ల జిగురూ అంతే. టైల్స్ అతికే సిమెంటు జిగురే వాడాలి. జాడీకి తోడు టైల్స్ కొట్టువాళ్లు పక్కన పడేసిన ముక్కలు పట్టుకొచ్చాం. గోనెపట్టాలో చుట్టి సుత్తితో కొట్టడం, తర్వాత టైల్స్ కొరికే పటకారుతో సరిచేయడం. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పనికి పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. పింగాణీ పెళ్లు గాజుపెంకులాగే కోస్తుంది. దుమ్ము లేవకుండా నీళ్లు చిలకరించాలి.

జాడీతో ఒక చిక్కుంది. అది గుండ్రం, పైగా టైల్ కన్నా మందం. పెద్ద ముక్కలు బోర్డు మీద కూర్చోవు. బొటనవేలి గోరంత చేస్తే వంపు తెలియదు. పక్కనున్న టైల్స్ కింద జిగురు కాస్త ఎక్కువ వేస్తే ఎత్తులు సరిపోతాయి.

మొదట మేం ముక్కల్ని వరసగా పేర్చుకుంటూ పోయాం. చూస్తే టామీ కాదు, స్నానాలగది గోడ! అప్పుడు తెలిసింది కిటుకు. బొచ్చు ఎటు వాలితే ముక్కలూ అటే వాలాలి. కళ్ల మధ్య నుంచి పైకి, బుగ్గల మీద పక్కలకి, మెడ దగ్గర కిందికి. కళ్లకి నల్ల టైల్ ముక్క, చుట్టూ తేనెరంగు గాజుముక్కలు, లోపల బియ్యపు గింజలో సగమంత తెలుపు. ఆ తెలుపు రెండు కళ్లలోనూ ఒకే పక్కన ఉండాలి. లేదంటే మెల్లకన్నే! మెడపట్టీకి పలమనేరు మట్టిబొమ్మల పెంకులు పెట్టాం. మెరుగు లేని మట్టి నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి ముందే సీలర్ పూయాలి.

అతికే ముందు ఒక రోజంతా ఉత్తినే పేర్చి ఉంచడం మంచిది. మేం అలా ఉంచబట్టే బతికిపోయాం. ఫొటోలో ఎడమ చెవి ఎవరిదో కొంగు చాటున ఉంది. రెండు చెవులూ నిలబడే ఉండేవని మేనకోడలు, ఎడమది మడతపడేదని వాళ్లన్న. ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. చివరికి పిల్ల ఏడుపు... 'నాకు వాడి చెవి కూడా గుర్తులేదు' అని. పోయిన ఏడాది దాకా పక్కలో పడుకున్న కుక్క మరి.

వంటింట్లోంచి అవ్వ వచ్చింది. బోర్డు మీద వంగి చూసింది. 'మడతా కాదు, ఏమీ కాదు మే. సంతలో కుక్కలు కరిస్తే కొస తెగిపోయింది. పది దినాలు పసుపూ నూనే పెట్టింది నేను కదా!' అని, చెవి కొసన ఉన్న మూడు ముక్కలు తీసేసింది. అంతే... టామీ!

జిగురు దోసెపిండి కన్నా గట్టిగా, కొంచెం కొంచెమే కలుపుకోవాలి. ముక్కకీ ముక్కకీ మధ్య 2 మిల్లీమీటర్ల సందు వదలాలి. 24 గంటలయ్యాక సందుల్లో గ్రౌటు నింపాలి. తెల్ల గ్రౌటు జోలికి పోవద్దు, మొహం మీద వల కప్పినట్టుంటుంది. బూడిదరంగు మేలు. పావుగంట ఆగి తడి స్పాంజితో తుడిచి, తెల్లటి పొర ఆరాక పొడిగుడ్డతో రుద్దితే రంగులు తేరుకుంటాయి.

అంతా అయ్యేసరికి బోర్డు ఏడెనిమిది కిలోలు తూగింది. మేకుకి తగిలిస్తే ఆగదు. గోడకి డ్రిల్ వేసి నాలుగు మూలలా బిగించాల్సిందే. బావ వాకిలి పక్కన, మనిషి ఎత్తున గుర్తు పెట్టి డ్రిల్ అందుకున్నాడు. అరుగు మీద కూర్చుని చూస్తున్న అవ్వ ఆపింది.

'కిందికి పెట్టు నాయనా. వాడు అంత ఎత్తు ఉండడు.'