ముందు సీసం లెక్క, తరువాత సంచి

స్కూబా డైవింగు నేర్చుకుని సొంత సామగ్రి కొనుక్కోదలచినవారు మొదట అడిగే ప్రశ్న "ఏ బీసీడీ మంచిది?" అని. సిలిండరును వీపున పట్టి ఉంచి, తనలోకి గాలిని నింపుకుంటూ, వదులుతూ మనల్ని నీటిలో కోరిన లోతున నిలిపే సాధనమది. ప్లవన నియంత్రణ సాధనమని తెనిగించవచ్చు గానీ నోరు తిరగదు. పోనీ 'తేలుచొక్కా' అందామంటే వృశ్చికం అడ్డు వస్తున్నది! కనుక బీసీడీ అనే అందాము.

దుకాణదారు చూపించేవి మరిన్ని జేబులు, మరిన్ని మెత్తలు, మరింత బరువును లేపే శక్తి. నా అభిప్రాయం ఇందుకు విరుద్ధం. మన విశాఖ, అండమాన్ల వంటి వెచ్చని సముద్రాలలో సరదాకు మునిగేవారికి ఒంటికి సరిగా అమరే, చిన్న సంచి గల, సాదా బీసీడీయే మేలు.

1943లో జాక్ కూస్తో, ఎమిల్ గగ్నాన్ ఆక్వాలంగ్‌ను రూపొందించిన నాటికి బీసీడీ లేదు. ఆ తరంవారు సిలిండరును పట్టీలతో వీపుకు కట్టుకుని, తగినంత సీసం నడుముకు చుట్టుకుని, మిగిలినది ఊపిరితోనే సర్దుకునేవారు. 1960లలో మెడలో వేసుకునే ఫెంజీ, 1970లలో జాకెట్టు వచ్చాయి. పని సులువైంది, నిజమే. కానీ సీసం ఎక్కువైనా గాలితో కప్పిపుచ్చవచ్చుననే అలవాటు కూడా వాటి వెంటే వచ్చిందని నా అనుమానం.

ఆ అలవాటులోనే ప్రమాదమున్నది. అవసరానికి మించి 4 కిలోల సీసం కట్టుకున్న వ్యక్తి, దానికి సరితూగడానికి సంచిలో సుమారు 4 లీటర్ల గాలి అదనంగా నింపాలి. 10 మీటర్ల లోతున పీడనం ఉపరితలానికి రెట్టింపు; కనుక అక్కడి 4 లీటర్లు పైకి చేరేసరికి 8 లీటర్లవుతాయి. కాస్త పైకి లేస్తే గాలి ఉబ్బుతుంది, ఉబ్బిన గాలి మరింత వేగంగా లేపుతుంది. వదిలే మీట చేతికి అందేలోగా మనిషి పైకి దూసుకుపోవచ్చు. ఊపిరితిత్తులు చిట్లడమూ, రక్తంలో నత్రజని బుడగలు కట్టడమూ ఇటువంటి పరుగుల ఫలితాలే. సంచి పెద్దదైతే ఈ తప్పును దాచుకోవడానికి చోటు కూడా పెద్దదవుతుంది.

అసలు అవసరమెంతో లెక్క చూద్దాము. 11 లీటర్ల అల్యూమినియం సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో నింపిన గాలి బరువు రెండున్నర కిలోల పైచిలుకు. డైవ్ చివర ఆ గాలి ఖర్చయిపోతుంది గనుక, మొదట్లో అంత బరువు ఎక్కువగా ఉండక తప్పదు. 3 మిల్లీమీటర్ల సూటు లోతున నలిగి కోల్పోయే తేలికను రెండు కిలోలనుకున్నా, మొత్తం 5 కిలోలు దాటదు. నీటిపైన తల ఎత్తి నిలవడానికి మరో 5 కలుపుకుందాము. 10 నుంచి 14 కిలోలు లేపే సంచి ధారాళంగా సరిపోతుంది. మందపాటి సూట్లు, జంట సిలిండర్లు వాడే చలినీళ్ళ లెక్క వేరు.

ఇక రకాలు. జాకెట్టులో గాలి పక్కలకూ వ్యాపిస్తుంది. నీటిపైన నిటారుగా నిలుపుతుంది గానీ నిండుగా ఊదితే డొక్కలు నొక్కుతుంది. దానిలోని మెత్తలు తామే తేలుతాయి గనుక వాటిని ముంచడానికి మళ్ళీ సీసం కావాలి! లోహపు పలక, పట్టీలు, వీపు వెనుక గాలిసంచి ఉండే 'వింగ్' అమరికలో శరీరం చేపలా అడ్డంగా నిలవడం సులభం. నీటిపైన అతిగా ఊదితే ముఖాన్ని ముందుకు తోస్తుందన్నది దానిపై ఉన్న ఫిర్యాదు. తక్కువగా ఊదితే ఆ బాధ తగ్గుతుంది. నా ఓటు వింగ్‌కే. ఉక్కు పలక రెండున్నర, మూడు కిలోలుంటుంది, ఆ మేరకు సీసం తగ్గుతుంది. విమానంలో వెళ్ళేవారికి కిలో బరువుండే అల్యూమినియం పలక నయం.

ఏది కొన్నా, ఎదిగే పిల్లవాడికి పండగ చొక్కా కుట్టించినట్టు వదులుగా కొనరాదు. సూటు వేసుకుని, బీసీడీ తొడుక్కుని, నిండా గాలి ఊది, గట్టిగా ఊపిరి పీల్చి చూడండి. కళ్ళు మూసుకుని గాలి వదిలే మీటలన్నీ తడిమి చూడండి. చేతికి అందనిది ఎంత ఖరీదైనదైనా వద్దు.

అంతకన్నా ముందు, అద్దె సామగ్రితోనే సీసం సరిచూసుకోవాలి. డైవ్ చివర, సిలిండరులో 50 బార్లు మిగిలినప్పుడు, బీసీడీ ఖాళీ చేసి మామూలు ఊపిరితో కదలక నిలిస్తే నీరు కంటిమట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఈ పరీక్షలో నెగ్గినవారికి ఏ బీసీడీ అయినా చక్కగా పనిచేస్తుంది. నెగ్గనివారు ఎంత ఖరీదైనది కొన్నా, ఏళ్ళ తరబడి పెరిగిన పగడాలను కాలితో తన్నుకుంటూనే పోతారు.