జాలికి ప్రచారశాఖ

కొన్నేళ్ళ క్రితం, ఒక వానాకాలంలో, నా పాత విద్యార్థి ఒకడు కరీంనగరంలో మా యింటికి వచ్చాడు. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివినవాడు. అప్పటికి ఒక అంతర్జాతీయ సహాయసంస్థ ప్రచారశాఖలో ఉద్యోగి. ఆ శాఖాధిపతి యూరప్‌లో వుంటాడు. ఏ దేశపు ఆకలిని ఈ నెల ప్రపంచానికి చూపాలి, ఏ ముఖం గోడపత్రిక కెక్కాలి, దాని కింద ఏ రెండు వాక్యాలు వుండాలి – ఇవన్నీ అక్కడ నిర్ణయమవుతాయి. ఉట్నూరు ఏజెన్సీ జ్వరాల మీద ఒక 'కథ' కావాలని పైనుంచి కబురు వచ్చిందట. "సార్, మీరు గూడ రావాలె. రాసేకాడ మీరుంటే నాకు ధైర్యం" అన్నాడు. వెళ్ళాను.

గోండు గూడెం. ఒళ్ళో జ్వరపడ్డ బిడ్డతో ఒక తల్లి. ఆమె గోండిలో చెబుతుంటే ఆ వూరి ఉపాధ్యాయుడు తెలుగులో మాకు వినిపించాడు. అరగంట మాట్లాడింది. వాగు పొంగితే దారి వుండదనీ, రోగిని మంచం మీద మోసుకుపోవాలనీ చెప్పింది. మామ నాటినుంచి దున్నుతున్న చేనుకు పట్టా లేదని చెప్పింది. పట్టా లేనిదే బ్యాంకు అప్పు పుట్టదు, షావుకారు వడ్డీ తప్పదు అని చెప్పింది. బిడ్డ జ్వరం సంగతి చిట్టచివర చెప్పింది.

మావాడికి కావలసింది నలభై మాటలు. కుదించే పని నాదయింది. "నా బిడ్డకు జబ్బు చేసింది. నాకెవరూ లేరు. మీరు చేయి అందిస్తే బతుకుతాడు" అని రాసిచ్చాను. 'నాకెవరూ లేరు' అని ఆమె అనలేదు. ఆమె పక్కనే అత్త వుంది, మరుదులున్నారు, గూడెమంతా నిలబడి వుంది. వాక్యం కుదురుతుందని ఆ మాట నేను కలిపాను. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. పట్టా ఆ రోజు నాకు అలా అక్కరకు వచ్చింది.

కాబట్టి ఈ వ్యాసంలో నేను వేసే నిందలో మొదటి వాటా నాది. అయితే ఇది ఒక లెక్చరరు పొరపాటుతో ముగిసే విషయం కాదు. వాగు, పట్టా, వడ్డీ – ఈ మూడూ పోయి జ్వరమొక్కటే ఎందుకు మిగిలింది? నలభై మాటల్లో చోటు లేకనా? 'వాగు మీద వంతెన లేదు' అనడానికి నాలుగు మాటలు చాలునే! చోటు లేకపోవడం సాకు మాత్రమే. అసలు సంగతి వేరు. జ్వరానికి దోషి లేడు. పట్టా లేకపోవడానికి దోషి వున్నాడు. జాలి దోషి లేని చోటనే సుఖంగా పనిచేస్తుంది.

ఈ మాట తొందరపడి అన్నది కాదు. చరిత్ర చూడండి. 1919లో లండను నగరంలో ఎగ్లంటైన్ జెబ్ అనే ఆమె ఒక కరపత్రం పంచింది. దాని మీద ఎముకలు తేలిన పసిబిడ్డ బొమ్మ వుంది. ఆ ఆకలికి కారణం మన ప్రభుత్వపు దిగ్బంధమేనని స్పష్టంగా అచ్చువేసి వుంది. యుద్ధం ఆగినా బ్రిటన్, దాని మిత్రరాజ్యాలు శత్రుదేశాలకు తిండి చేరనివ్వలేదు. ఆ కరపత్రానికి ప్రతిఫలం ఏమిటి? అరెస్టు, కోర్టు, అయిదు పౌనుల జరిమానా. 'సేవ్ ది చిల్డ్రన్' సంస్థ ఆ ఏడే పుట్టింది. అంటే, నేటి సహాయప్రచారం తొలి అడుగులోనే బిడ్డనూ చూపింది, దోషినీ చూపింది.

1943లో బెంగాలు కరువు. చిత్తప్రసాద్ మిడ్నపూరు పల్లెలు తిరిగి ఆకలిగొన్నవాళ్ళ బొమ్మలు గీశాడు. వాళ్ళ వూళ్ళనూ కథలనూ నమోదు చేశాడు. బియ్యం ఎవరి గిడ్డంగుల్లో దాగిందో, ప్రభుత్వం ఏం చేసిందో రాశాడు. బ్రిటిషు ప్రభుత్వం ఆ పుస్తకం ప్రతులను పట్టుకొని తగలబెట్టింది.

ఇప్పుడు మరో బొమ్మ చూద్దాం. 1993లో దక్షిణ సూడాన్‌లో నేలకు వొరిగిన ఒక పసిబిడ్డను, వెనుక కాచుకున్న రాబందును కెవిన్ కార్టర్ ఫొటో తీశాడు. 1994లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. లోకమంతా కంటతడి పెట్టింది. ఆ బిడ్డ ఆడపిల్ల అని పత్రికలు రాశాయి. మగపిల్లవాడని ఒక స్పానిష్ పత్రిక విచారణలో తేలింది 2011లో! ఆ బిడ్డ చేతికి సహాయకేంద్రం వాళ్ళు కట్టిన పట్టీ ఫొటోలోనే కనబడుతుంది. అంటే ఎవరి లెక్కలోనో వాడున్నాడు. అయినా పద్ధెనిమిదేళ్ళు ప్రపంచం వాడి కోసం ఏడ్చింది గాని, వాడు ఆడో మగో అడగలేదు. ఆ నేలమీద ఎవరెవరు ఎందుకు యుద్ధం చేస్తున్నారో అడిగినవాళ్ళు ఇంకెందరు?

కారణం చెప్పిన బొమ్మకు కోర్టు, మంట. కారణం చెప్పని బొమ్మకు బహుమతి, విరాళం. ఇది యాదృచ్ఛికమని ఎవరైనా అంటే నేను నమ్మను.

"అయ్యా, ఫొటో లేకపోతే డబ్బు రాదు, డబ్బు లేకపోతే మందు రాదు. మీ సిద్ధాంతం కోసం బిడ్డ చావాలా?" అని మిత్రులు అడగవచ్చు. అక్కరలేదు. మందు రావాలి, బియ్యం రావాలి, ఫొటో కూడా రావచ్చు. జెబ్ చేసింది కూడా ఫొటోతోనే. నేను కాదంటున్నది ఫొటోను కాదు, దాని కింద మాయమైన వాక్యాన్ని.

"మేము తటస్థులం, దోషి పేరు చెబితే రేపు మమ్మల్ని లోపలికి రానివ్వరు" అనేది రెండో వాదం. ఇది తేలిగ్గా తోసిపుచ్చదగింది కాదు. చెరసాలలోని ఖైదీని చూడాలంటే చెరసాల అధికారితో మాట్లాడక తప్పదు. కాని ఈ తటస్థతకు హద్దేది? 1942 అక్టోబరులో, నాజీల ఘోరాల గురించి తెలిసివుండి కూడా, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ బహిరంగ విజ్ఞప్తి చేయకూడదని జెనీవాలో నిర్ణయించుకొంది. అది తన వైఫల్యమని ఆ కమిటీయే తర్వాత ఒప్పుకొంది. బయాఫ్రా యుద్ధంలో ఈ మౌనం భరించలేని వైద్యులు కొందరు, పాత్రికేయులతో కలిసి, 1971లో వేరే సంస్థ పెట్టుకొన్నారు. చూసింది చెప్పడం కూడా వైద్యంలో భాగమే అన్నారు. పైగా, ఉట్నూరు వాగు మీద వంతెన లేదంటే ఏ సైన్యం అడ్డుపడుతుంది?

మూడో వాదం నవీనమైనది. "ఆ పాత రోజులు పోయాయి, బాధితులను నిస్సహాయ వస్తువులుగా కాక, గౌరవం గల మనుషులుగా చూపాలని 1994 నియమావళి పదో సూత్రం చెబుతోంది" అంటారు. మంచి సూత్రమే. ఆచరణలో ఏమయింది? ఏడ్చే బిడ్డ పోయి నవ్వే బిడ్డ వచ్చింది. ఆ ముఖానికీ వూరు లేదు, దీనికీ లేదు. ఆ రోజు జాలి అమ్ముడుపోయింది. ఈ రోజు ఆశ అమ్ముడుపోతోంది. గౌరవమంటే పెదవి మీది నవ్వు కాదు. తన కష్టానికి కారణం తానే చెప్పుకొనే హక్కు.

ఈ హక్కు సంగతి మన ఆదిలాబాదుకు కొత్త కాదు. 1940లో కొమురం భీము పోరాడి చనిపోయాడు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి వినియోగించింది. ఆయన కూడా ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు విదేశాలకూ చేరాయి. ప్రభుత్వం మనిషే కదా అని విమర్శించవచ్చు, విమర్శించాలి కూడా. కాని రెండు సంగతులు మరువరాదు. ఆయన తన నివేదికల్లో అన్యాక్రాంతమైన భూముల గురించి, అడవి నుంచి గెంటివేతల గురించి రాశాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం మొదలయింది. గోండి భాషలో వాచకాలు వచ్చాయి. గోండుల బొమ్మ లోకానికి పంపడం ఒక పని. గోండు చేతికి అక్షరం ఇవ్వడం మరొక పని. రెండోది లేని మొదటిది దోపిడీలో మరో రకం.

మన విద్యార్థులు రేపు ఈ ఉద్యోగాలకు వెళతారు. ఇంగ్లీషు, తెలుగు రెండూ వచ్చినవాళ్ళు వాళ్ళకు కావాలి. మన పిల్లలకు జీతం కావాలి. వెళ్ళవద్దని నేననను. మూడు పనులు మాత్రం చేయమంటాను. బాధితుడు చెప్పిన కారణాన్ని చివరి వాక్యం దాకా కాపాడండి. అచ్చయ్యే ముందు అతని భాషలో అతనికి చదివి వినిపించండి. వద్దంటే ఆపండి. ఈ మూడింటికీ ఒప్పుకోని శాఖాధిపతిని ఎందుకని అడగండి.

ఆ బిడ్డ బతికాడు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రం మందులతో. కొన్ని నెలలకు అచ్చయిన పత్రం మావాడు నాకు పంపాడు. పట్టుకొని మళ్ళీ ఆ గూడేనికి వెళ్ళాను. ఉపాధ్యాయుడు దాన్ని గోండిలో చదివాడు. ఆమె శ్రద్ధగా విన్నది. ఫొటో బాగుందన్నది. తర్వాత ఉపాధ్యాయుడితో ఏదో అన్నది. ఆయన నా వైపు తిరిగి, కొంచెం మొహమాటంగా, ఆమె ప్రశ్నను తెలుగులో చెప్పాడు:

"వాగు ముచ్చట చెప్పిన గద, అదేడ ఉన్నది?"